ఆగాల్సిన చోట ఆగు

బేటా,

ఈ ఆదివారం నువ్వొక్కడివే బండి మీద రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్తున్నావని మీ అమ్మీ చెప్పింది. లైసెన్సు చేతికొచ్చింది. బండి కొన్నావు. ఇన్నాళ్ళూ వెనక ఎవరో ఒకరు కూర్చుని "క్లచ్ పట్టు, గేరు మార్చు" అంటుంటే గోదావరి గట్టు దాకా వెళ్ళొచ్చావు. ఇక వెనక ఎవరూ ఉండరు. "నువ్వైనా నాలుగు మాటలు చెప్పు భాయ్‌జాన్, నా మాటంటే వాడికి లెక్కలేదు" అంది మీ అమ్మీ. లెక్కలేక కాదు. ఆమె చెప్పే మాటల్లో భయం ఎక్కువై విషయం తక్కువవుతోందని నా అనుమానం.

మన ఇళ్ళల్లో కొత్తగా బండి తీసే కుర్రాడికి రెండు రకాల జాగ్రత్తలు చెప్తారు. ఒకటో రకం అందరి ఇళ్ళల్లోనూ చెప్పేవే. నెమ్మదిగా వెళ్ళు, లారీల వెనక పడకు, హెల్మెట్ పెట్టుకో. రెండో రకం మన ఇళ్ళల్లోనే చెప్పేవి. మగ్రిబ్ అజాన్ లోపల ఇంటికొచ్చెయ్. ఊరేగింపు కనపడితే బండి వెనక్కి తిప్పు. ఎవరన్నా ఆపితే నోరెత్తకు. దారిలో ఎవరైనా పడిపోయి ఉంటే ఆగకు. పేరు చెప్పకు.

ఈ రెండూ కలిపి ఒకే గుక్కలో చెప్పేస్తారు. వినేవాడికి రెండూ ఒకటైపోతాయి. రోడ్డు మీద గుంతని చూసి ఎంత జాగ్రత్త పడాలో మనిషిని చూసీ అంత జాగ్రత్త పడాలని నేర్చుకుంటాడు. ఆ రెంటినీ విడదీసి చెప్పాలని నాకెప్పట్నించో ఉంది.

ముందు బండి సంగతి.

మీ నానా మెకానిక్కు. నువ్వు ఆయన్ని చూళ్ళేదు. ఆయన షెడ్డులో లూనాలు, చేతక్‌లు, రాజ్‌దూత్‌లు, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చాక అవీ, 1994 తర్వాత స్ప్లెండర్లూ బాగుపడి వెళ్ళేవి. బండి ఆగిన ప్రతివాడూ "సాయిబు గారూ" అనుకుంటూ తోసుకొచ్చేవాడు. కమ్మా కాపూ రాజూ మాలా మాదిగా బ్రాహ్మడూ అందరూ ఆ ఒక్క బల్ల మీదే కూర్చునేవాళ్ళు. ఊళ్ళల్లో పంక్చర్ల కొట్టు, మెకానిక్ షెడ్డు అనగానే సాయిబు గుర్తుకు రావడం ఊరికే జరగలేదు. చదువు అందక, ఉద్యోగం దొరక్క, సెంటు భూమి లేక మిగిలినవాడికి చేతిపని ఒక్కటే దారి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లిములు ఎక్కువగా కనపడే పనుల్లో వాహనాల రిపేరునీ లెక్కలోకి తీసుకుంది. ఆ లెక్క రాకముందే మన గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంది.

నానా పడిపోయిన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, గీతలు చూసి, ఎలా పడిందో చెప్పేవారు. నీకు చెప్పబోయే బండి విద్యంతా ఆయన దగ్గర విన్నదే.

బయల్దేరే ముందు బండి చుట్టూ నువ్వూ ఒకసారి తిరుగు. రెండు టైర్లలోనూ గాలి చూసుకో. చైను మధ్యలో వేలితో ఎత్తి చూడు, అంగుళం కంటే ఎక్కువ ఊగితే బిగించాలి. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడు. వెనక లైటు వెలుగుతోందో లేదో గోడ మీద పడే వెలుతురులో కనిపెట్టు. సైడ్ స్టాండ్ తియ్యి. నవ్వకు. స్టాండ్ తియ్యకుండా బయల్దేరి ఎడమ మలుపులో పడినవాళ్ళ బండ్లు మీ నానా చాలా బాగుచేశారు.

బ్రేకు వేస్తే బరువంతా ముందుకొస్తుంది. అందుకే బండిని ఆపే బలం ముందు బ్రేకులోనే ఎక్కువ. మనవాళ్ళలో చాలామంది ముందు బ్రేకంటే భయపడి కాలి బ్రేకు ఒక్కదాన్నే తొక్కుతారు, బండి ఆగదు, వెనక చక్రం జారుతుంది. పొడి రోడ్డు మీద తిన్నగా వెళ్తున్నప్పుడు రెండూ కలిపి వెయ్యి, ముందుది మెల్లమెల్లగా బిగించు. ఇసక, బురద, మలుపు... ఈ మూడింట్లో ముందు బ్రేకు గట్టిగా పట్టకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాకా కొత్త బండ్లకి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటైనా ఉండాలని, అంతకు పైబడ్డవాటికి ఎ.బి.ఎస్. ఉండాలని రూలు పెట్టారు. నువ్వు కొన్నది అంతకు ముందు బండి. దానికి నీ చెయ్యీ కాలే ఆధారం.

ఇక దారి. ధవళేశ్వరం దగ్గర బారేజీ ఎక్కుతావు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కట్టిన బారేజీ అది, 175 గేట్లు. ధవళేశ్వరం పాయ, ర్యాలి పాయ దాటితే బొబ్బర్లంక. నీళ్ళ మీద గాలికి అడ్డు ఉండదు. బండిని పక్కకి నెడుతుంది. హ్యాండిల్ని గట్టిగా బిగించి పట్టుకుంటే ఊపు ఎక్కువవుతుంది. మోకాళ్ళతో ట్యాంకుని నొక్కి పట్టుకో, చేతులు వదులుగా ఉంచు, వేగం తగ్గించు. లారీ పక్కన ఉన్నంతసేపు గాలి ఆగుతుంది, లారీ దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. ఆ దెబ్బ వస్తుందని ముందే తెలిసి ఉండాలి.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా రావులపాలెం దాకా చాలాచోట్ల కాలవని ఆనుకుని పోతావు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పల్లంలో చేలు, పిట్టగోడ ఉండదు. ఎదురుగా బస్సు వస్తే తారు అంచు దిగి మెత్తటి మట్టిలోకి పోకు. ముందే వేగం తగ్గించి, కావాలంటే ఎడమ కాలు గట్టి నేల మీద ఆనించి ఆగిపో. ఆగడం నామోషీ కాదు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ మన రోడ్లు సగం కళ్ళాలే. ధాన్యం మీద చక్రం పడితే బాల్ బేరింగుల మీద పడ్డట్టే. అక్కడ బ్రేకు వద్దు, వంపు వద్దు. ముందే రేజు వదిలేసి తిన్నగా దాటు. ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్ళు, కప్పిన బరకాలు చీకట్లో కనపడవు. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు, నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీలు, తడి ఇసక రాల్చుకుంటూ పోయే ఇసక లారీలు... ఇవన్నీ డెల్టా రోడ్డుకి మామూలే. కాబట్టి చీకటి పడకముందు ఇంటికి రావడం మంచిదే. కానీ అది మగ్రిబ్ వేళకి ఊరు మారిపోతుందని కాదు, కొత్తవాడి కంటికి చీకటి అలవాటు లేదు కనక. కారణం సరిగ్గా తెలిస్తే, కన్ను అలవాటయ్యాక రాత్రి కూడా బండి తియ్యగలుగుతావు. తప్పుడు కారణం తెలిస్తే ఎప్పటికీ తియ్యలేవు.

ఇంకొక్కటి. చూపు ఎటు ఉంటే బండి అటు పోతుంది. గుంతనే చూస్తే గుంతలోకే పోతావు. తప్పించుకునే జాగాని చూడు.

ఇప్పుడు నెత్తి సంగతి. జుమ్మా నమాజుకి పోతూ టోపీ పెట్టుకుని హెల్మెట్ ఇంట్లో వదిలేసే మనవాళ్ళని చూస్తుంటాను. "సర్దార్జీకి మినహాయింపు ఉందిగా, మనకెందుకు లేదు?" అని ఒకాయన నాతో వాదం పెట్టుకున్నాడు. నిజమే, 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా చుట్టుకున్న సిక్కుకి మినహాయింపు ఇచ్చింది. తలపాగా మీద హెల్మెట్ కూర్చోదు. మన టోపీ మడిచి జేబులో పెట్టుకోవచ్చు. హక్కు అడగాల్సిన చోట్లు మనకి బోలెడున్నాయి, తల పగలగొట్టుకునే హక్కు వాటిల్లో చేర్చకు. ఐ.ఎస్.ఐ. మార్కు చూసి కొను, గడ్డం కింద పట్టీ బిగించు. పట్టీ పెట్టని హెల్మెట్ నీకంటే ముందు రోడ్డు మీద పడుతుంది.

మీ అమ్మీని వెనక ఎక్కించుకునే రోజు వస్తుంది. అప్పటికి గుర్తుపెట్టుకో. వెనక చక్రానికి ఎడమవైపు ఉండే జాలీని మనందరం చీర గార్డ్ అంటాం. కుర్రాళ్ళు స్టైలని దాన్ని పీకేస్తారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అది తప్పనిసరి. వెనక చక్రం కనీసం సగం కప్పాలి, వెనక కూర్చున్న మనిషి బట్టలు అందులో చిక్కుకోకుండా. చూశావా, రూల్లో 'చీర' అని లేదు, 'బట్టలు' అని ఉంది. చీర చెంగైనా, ఓణీ అయినా, బురఖా అంచైనా చక్రానికి ఒకటే, ఆ రూలుకీ ఒకటే. మనుషులం పెట్టుకున్న పేరులోనే బురఖాకి జాగా లేకపోయింది. ఆ జాలీ నీ బండికి ఉందో లేదో చూసుకో. అమ్మీ కూర్చోగానే బురఖా అంచు, దుపట్టా కొంగు ఒళ్ళో పెట్టుకోమని చెప్పు. అడిగి కాదు, నీ కళ్ళతో చూసి బయల్దేరు.

నానీ నీ బండికి తావీజు కట్టిందట. కట్టనీ. మీ నానా షెడ్డులో ఒక వరసలో నిలబెట్టిన బండ్లకి 786 స్టిక్కరూ, నిమ్మకాయా మిరపకాయలూ, సిలువా అన్నీ ఉండేవి. బ్రేకు వైరు తెగితే మాత్రం మూడూ ఒక్కలాగే గోడకి గుద్దుకునేవి. ముందు ఒంటెని కట్టేసి, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యమని ప్రవక్త చెప్పారంటారు. బిస్మిల్లా అనుకో. అనుకునే ముందు బ్రేకు చూసుకో. తావీజు మీటరుకి అడ్డం రాకుండా కట్టుకో. అంతే.

ఇక కాగితాలు. నీది సెకండ్‌హ్యాండ్ బండి. ఆర్.సి. నీ పేరున మారిందా? అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు ముప్ఫై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. "మనోడేలే, తర్వాత చూద్దాం" అని ఏళ్ళ తరబడి పాత పేరు మీదే తిప్పుతుంటారు. ఇన్సూరెన్సు కూడా నీ పేరుకి మార్పించు. లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం... 2018 నుంచి డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి. ఫోన్లో దించుకుని పెట్టుకో.

ఇక్కడ నీకు దాచకుండా చెప్పాలి. కాగితాలు అందరికీ కావాలి. అందరికీ కాగితాలతో పని అయిపోతుంది. మనకి కొన్నిసార్లు అవ్వదు. ఒకసారి ఒకచోట నా బండి ఆపారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. లైసెన్సు మీద పేరు చదివి ఆయన అడిగాడు, "ఏ ఊరు?" "రాజమండ్రి." "అది కాదు, అసలు ఊరు?" "అసలూ రాజమండ్రే." అప్పుడొక మెచ్చుకోలు, "తెలుగు బాగా మాట్లాడుతున్నావే!" అని. అప్పటికే నేను తెలుగు పత్రికలో వార్తలు రాసి బతుకుతున్నాను. నా తెలుగు చదివి ఆయన పొద్దున్నే కాఫీ తాగి ఉండొచ్చు కూడా. మన ఇంట్లో మాట్లాడే ఉర్దూ లక్నో వాళ్ళకి ఉర్దూలా వినపడదు, మన నోటి తెలుగు మన ఊరివాళ్ళకే ఆశ్చర్యం. మీ నానా షెడ్డులో మాత్రం ఆ పేచీ లేదు. మాతో ఉర్దూ, గిరాకీతో తెలుగు, బండితో రెండూ.

మీ అమ్మీ భయం ఎక్కడ్నించి వచ్చిందో తెలుసుకో. 1992 డిసెంబరు 6 తర్వాత మా అమ్మ మమ్మల్ని వీధిలోకి పంపడానికి వెనకాడేది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వెళ్ళినవాళ్ళు చచ్చిపోయారు, ఆ తర్వాత పట్టుకుపోయిందీ మన కుర్రాళ్ళనే. వాళ్ళలో చాలామందిని తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ఆ కేసుకీ ఈ గోదావరికీ సంబంధం ఏమిటి? ఏమీ లేదు. కానీ కొడుకు బండి తీసిన ప్రతి తల్లికీ ఆ భయం చేరింది. పేరు మీద పడే దెబ్బ మనొక్కళ్ళకే కాదు. నువ్వు వెళ్తున్న అమలాపురంలోనే 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద లేచిన గొడవలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆయన పేరునే ఓర్చుకోలేనివాళ్ళు ఉన్న చోట మనం నీ పేరుకీ నా పేరుకీ ఎంత బెంగపడాలి?

కాబట్టి ఆపితే ఆగు. పక్కకి తీసి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, అడిగిన కాగితం చూపించు. మర్యాదగా మాట్లాడు. మర్యాద వేరు, వణుకు వేరు. పొద్దున వేగంగా వెళ్ళి ఆగితే జరిమానా కట్టు, అది నీ వేగానికి. నీ పేరుకి జరిమానా లేదు. అసలు ఊరేదని అడిగితే నానా ఊరే చెప్పు.

చివరికి ఆ పెద్ద మాట దగ్గరికి వస్తాను. "దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగకు." నానీ చెప్తుంది, మీ అమ్మీ చెప్తుంది. ఆగితే నువ్వే గుద్దావంటారు. పేరు అడుగుతారు. పేరు విన్నాక ఇంకేమన్నా అంటారు. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. అందరికీ ఉన్న భయమే, మనకి రెండు పాళ్ళు ఎక్కువ.

మీ నానా దీనికి ఒక్కటే మాట చెప్పేవారు. "షెడ్డుకి బండి వస్తుంది, మనిషి రాడు." ఆయన దగ్గరికి లాక్కొచ్చిన బండ్లలో కొన్నిటికి మళ్ళీ యజమాని రాలేదు. అన్నదమ్ములో, బావమరుదులో వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. "దారిన పోయేవాళ్ళు ఎవరన్నా ఆగి ఉంటే..." అనేవాళ్ళు. నానా ఆ బండ్లకి కూలి అడగడానికి ఇబ్బందిపడేవారు. ఆగని వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, వాళ్ళవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు చట్టం నీవైపు ఉంది, తెలుసుకో. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది. 2020లో నిబంధనలు రాశారు. ప్రమాదంలో పడినవాడికి సాయం చేసినవాణ్ణి మతం, జాతీయత, కులం, ఆడామగా అన్న తేడా చూపకుండా గౌరవంగా చూడాలని ఆ నిబంధనల్లోనే ఉంది. పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు గానీ ఇంకెవరు గానీ నిన్ను బలవంతపెట్టకూడదు. సాక్షివి అవ్వాలా వద్దా నీ ఇష్టం. నానీ ఏ ప్రశ్నకి భయపడిందో, ఆ ప్రశ్న అడిగే హక్కే వాళ్ళకి లేదని రాశారు. రాసినదంతా రోడ్డు మీద జరుగుతుందని నేను పూచీ పడను. కానీ అది రాసి ఉందని తెలిసినవాడు తెలియనివాడి కంటే నిటారుగా నిలబడతాడు.

అందుకని ఆగు. నీ బండి రోడ్డుకి బాగా పక్కన పెట్టు, వెనకొచ్చేవాళ్ళకి కనపడేట్టు లైటు వేసి ఉంచు. 108కి ఫోన్ చెయ్యి. 2005 నుంచి అది మన రాష్ట్రంలో తిరుగుతోంది. ఏ ఊరి దగ్గర, ఏ కాలవ గట్టు, ఏ లాకు అని గుర్తులతో చెప్పు. ఊపిరి ఆడుతుంటే పడినవాడి హెల్మెట్ లాగకు, మెడ కదిలించకు. నీళ్ళు పొయ్యొద్దు, ఎంతమంది పొయ్యమన్నా సరే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టు, జేబురుమాలు లేకపోతే మడిచి పెట్టుకున్న ఆ టోపీ అయినా సరే. మొదటి గంటే ప్రాణం నిలబెడుతుంది.

ఇది మంచి ముస్లిం అనిపించుకోడానికి చెయ్యమనడం లేదు. మన మంచితనానికి ఎవరి దగ్గరా సర్టిఫికెట్ తెచ్చుకోనక్కర్లేదు, చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు, ఇచ్చుకుంటూ అలిసిపోయాం. నువ్వు బండి నడిపేవాడివి, అతనూ బండి నడిపేవాడు. ఆ ధాన్యం మీద రేపు జారేది నువ్వు కావచ్చు. ఆ గట్టు మీద నిన్ను లేపేవాడు నీ పేరు విని చెయ్యి వెనక్కి తీసుకోకూడదని మనం కోరుకుంటే, ముందు మనం చెయ్యి చాచడం మానకూడదు.

భయపడి తప్పుకున్నవాడు ఆ కాలవ గట్టుని ప్రతిసారీ తల దించుకునే దాటాలి. నువ్వలా దాటకు. ఈ రోడ్డు మీ నానా బాగుచేసిన బండ్లు అరిగేలా తిరిగిన రోడ్డు.

ఆంబులెన్సు వచ్చాక ఎవరైనా నీ పేరు అడగొచ్చు. చెప్పకపోయినా తప్పు లేదు, చట్టమే ఒప్పుకుంది. చెప్పాలనిపిస్తే మాత్రం ముద్దు పేరు చెప్పి తప్పించుకోకు, 'బాబు' అనో 'రాజు' అనో అనకు. అమ్మీ పెట్టిన పూర్తి పేరు చెప్పు.

ఖుదా హాఫిజ్.

మీ మామూ